హలో, గంగమ్మ మిట్ట

ఆ కుక్కర్ గిన్నె నెత్తి మీద నుంచి తియ్యి ఆదినారాయణ మామా, నీతో మాట్లాడల్ల. ఏరియల్ తీగలు అతికిచ్చినంత మాత్రాన నువ్వు నిజం కెప్టెన్ అయిపోతావా? ఆ, నవ్వు నవ్వు. నాకే నవ్వు రాకుండా ఉంది.

ఎవురు మొదలుపెట్టినారంటావు? నేనే, ఒప్పుకుంటా. చిన్నప్పుడు మా నాయన సీడీల్లో చూపిచ్చిన రాకెట్ సీరియల్ అంటే నాకు పిచ్చి. కెప్టెన్ అంతరిక్షంలో నుంచి ‘హలో భూలోకం’ అంటాడు, కడాకు భూమి నుంచి జవాబు వస్తాది. దాన్నే మన మాటల్లో, ఎగతాళిగా, ముచ్చటగా వీడియో తీద్దామనుకుంటి. జమ్మలమడుగు అవతల ఈ డ్యాము గట్టున ఎర్రరాళ్లు అంగారకుని మాదిరే ఉండాయి. వీడియో తీసేకి మన యశ్వంత్ ఫోన్ పట్టుకున్యాడు. కెప్టెన్ మీసాలకు నువ్వు దొరికితివి.

నేను చెప్పిన మాట చెప్పింటే అయిపోయేది గదా! నువ్వేమో నీళ్ల తట్టు తిరిగి, ఈ డ్యాములో మునిగిపోయిన మీ ఊర్ని పిలిస్తివి. ‘హలో, గంగమ్మ మిట్ట. హలో, పెద్దబాయి. హలో, ఈశ్వరమ్మ అరుగు.’ కట్ చెప్పేది మర్చిపోయినా మామా.

యూట్యూబ్‌లో అది చూసి ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి మీ ఊరోళ్లంతా వచ్చిరి. మా సందును పిలువప్పా, మా కళ్లాన్ని పిలువప్పా అని. ఇంక ఆ రాకెట్ సీరియల్ ఎవురికి గుర్తుంది? నాకే లేదు.

పోయిన ఆదివారం మీ ఊరి తిరుపాలమ్మవ్వ, కెప్టెన్ వేషానికి నేనిచ్చిన బొమ్మ వాకీటాకీని నీ చేతిలో నుంచి పెరుక్కోలా? ‘మా గొర్రెల దొడ్డి ఉందా నాయనా?’ అని అడగలా? దాంట్లో నుంచి ‘ఉందవ్వా, గొర్రెలు మేస్తాండాయి’ అని పలకలా? అవ్వ చెంగుతో మొహం మూసుకోలా?

అది... నేనే మామా. రెండో వాకీటాకీ పట్టుకోని రాయి చాటున కూర్చున్యా. సీరియల్లో జవాబు వస్తాది గదా, అందరూ నవ్వుతారనుకుంటి. ఒక్కరూ నవ్వలా. వారం నుంచి అన్నం సహించడంల్యా.

ఏందీ? నేనేనని నీకు తెలుసా? ఆపొద్దే తెలుసా? అవ్వకు గూడానా!

మరి మళ్లీ ఏమిటికి వస్తాంది? అదో, ఆటో దిగుతాంది చూడు. ఆ టిఫిన్ క్యారియర్ ఎవురికి?

...నాకా?

నేను పోలేను మామా ఆ రాయి వెనక్కి. తెలిసీ అడిగే మనిషికి ఏమని చెప్పల్ల?

సరే, ఆ రెండో వాకీటాకీ ఇయ్యి. ఇయ్యి మామా, అవ్వ వచ్చేస్తాంది. దొడ్డిలో గొర్రెలు ఎన్ని ఉన్యాయో చెప్పు. పేర్లుంటే పేర్లు గూడా చెప్పు. అడిగితే నేను తడుముకోగూడదు.