వెండి స్టిక్కరు

అచ్చాఫీసులో కంప్యూటరు ముందు బావ కూర్చున్నాడు, వెనక బావమరిది నిలబడ్డాడు. కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటే గాని రేపటి బడి పరీక్షకు ప్రశ్నపత్రం తయారు కాదు.

"మళ్ళీ కొట్టాను. లైసెన్సు నంబరు చెల్లదంటోంది."

"ఏడుసార్లు అడిగావు కదా బావా, మొహమాటానికైనా ఒప్పుకోవాల్సింది."

"అసలు సరుకే కొన్నాను. పెట్టె మీది ఈ వెండి స్టిక్కరు గోటితో గీకి మరీ చూశాను. రంగు పోలేదు."

"పోదు. మంచి సిరా."

"అంకెలు ఎంత ముచ్చటగా పడ్డాయో చూడు."

"చూశాను. పోయిన నెల వెయ్యి చూశాను, అన్నిటి మీదా ఇదే నంబరు. మన మిషను మీదేగా వేశాం."

బావ స్టిక్కరును కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. కుడి అంచున సన్నటి గీత కనిపించింది. తన మిషను రోలరుకున్న గాటు పడేది సరిగ్గా అక్కడే.

"అప్పుడే చెప్పొద్దూ?"

"ఒక్కోదానికీ నంబరు మార్చక్కర్లేదా అని అడిగాను. ఆర్డరిచ్చిన పార్టీ ఏదిస్తే అది వెయ్యడమే మన పని, నోర్మూసుకోమన్నావు."

"ఇది నాకు అమ్మిన కొట్టువాడి మీద ఫిర్యాదు చేస్తాను."

"చెయ్యి. స్టిక్కర్లు ఎవరు వేశారని అడిగితే చూపించడానికి మన బిల్లుపుస్తకం ఉండనే ఉంది."

బావ కంప్యూటరు ఆపేశాడు.

"పేపరు అందకపోతే హెడ్మాస్టరు మళ్ళీ మన గడప తొక్కడు."

"చేత్తో రాసి జిరాక్సు తీద్దాం. దస్తూరి నీదే బాగుంటుంది."

బావ తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

"చెప్పు, మొదటి ప్రశ్న."

"దొంగసరుకు చేసినవాడే దాన్ని కొనుక్కుంటే, మోసపోయింది ఎవరు?"

"పేపర్లో ఉందా అది?"

"లేదు బావా. నాకు తెలీక అడుగుతున్నాను."