తడి చీర

బంగారు గని వదిలేసిన సైనైడ్ మట్టిదిబ్బ కిందే ఆ ఇల్లు. గాలికి దుమ్ము లేవడంతో తమ్ముడు కిటికీకి తడి చీర కడుతున్నాడు. సముద్రపు పాచి మీద పరిశోధన చేసే అక్క మంగళూరు నుంచి వచ్చింది.

“నీ పాపకు మళ్లీ దగ్గు పట్టుకున్యాది. మీరంతా నా జతలో వచ్చేయండప్పా.”

“ఆడ నీ పని ఇంగా ఆ పాచితోనేనా అక్కా?”

“ఆ, విషం కక్కే పాచి. దాన్ని అంటుకోని సన్న క్రిములుంటాయి. అవి దానికి సత్తువ ఇస్తాయి, అది వాటికి తిండి పెడతాది.”

“విషమని తెలీదా వాటికి?”

“వాటికి అదే ఇల్లు.”

“మన తాత, నాయన గనిని అట్లే అంటుకోని బతికినారు.”

“గని మూసేసి ఎన్నేండ్లాయ? ఇంగా ఏం పెడతాది మీకు?”

“నువ్వు ఆ క్రిముల్ని పాచి నుంచి వేరు చేసి చూసినావా?”

“చూసినాను. శుభ్రమైన ఉప్పునీళ్లలో, మంచి తిండి వేసి పెట్టినాను.”

“బతికినాయా?”

అక్క కిటికీకి కట్టిన చీర ఆరిపోతుంటే దాని కొంగును బకెట్లో ముంచింది.

“నిన్నే అక్కా అడిగేది.”

“పాపనన్నా పంపించప్పా.”