బండి నడిపింది మా చెల్లెలు కాదు

నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసుకున్నారు. వయసు యాభై మూడు. మా ఊళ్ళో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. ఇరవై ఆరేళ్ళుగా అదే వృత్తి. ఈ దేశానికి చుట్టపుచూపుగా వచ్చి ఇరవై మూడు రోజులైంది. ఇక్కడి భాష నాకు రాదు. నేను తెలుగులో చెబుతున్నది ఫోనులో ఉన్న దుబాసీ గారు అధికారి గారికి చెబుతున్నారు. ఇది శనివారం ఉదయం పదిన్నరకి మొదలుపెట్టాం. నన్నెవరూ పిలవలేదు. మా చెల్లెలి ఇంటి నుంచి గంటా పది నిమిషాలు నడిచి నేనే పోలీసు స్టేషనుకి వచ్చాను.

మా చెల్లెలు వృద్ధాశ్రమంలో నర్సు. భర్త పోయాడు. తొమ్మిదేళ్ళ కూతురుంది. మొన్న మంగళవారం పద్నాలుగు గంటల డ్యూటీ దిగి ఉదయం ఏడున్నరకి ఇంటికొచ్చింది. పాపని బడిలో దింపడానికి బయల్దేరుతుంటే తోడుగా నేనూ బండెక్కాను. ఎనిమిది గంటల అయిదు నిమిషాలకి పాప దిగింది. తిరిగి వస్తుంటే మొదటి సిగ్నల్ దగ్గర మా చెల్లెలి తల స్టీరింగ్ మీదికి వాలిపోయింది. పచ్చ లైటు పడినా బండి కదల్లేదు. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

"కాస్త ముందుకెళ్ళి పక్కకి ఆపు. నేను తీసుకెళ్తా," అన్నాను.

"నీకిక్కడ బండి నడిపే పర్మిట్ లేదు కదా అన్నయ్యా."

"ఊరందరికీ స్టీరింగ్ పట్టడం నేర్పినవాణ్ణి. రెండు కిలోమీటర్లకి పర్మిటేంటే?"

నవ్వింది. "అయితే మాస్టారూ, ముందు అద్దాలు సరిచూసుకోండి," అంది. తనకి పద్దెనిమిదేళ్ళప్పుడు నేను చెప్పిన మొదటి పాఠం అదే. సీటు మారాం. బెల్టు పెట్టుకోగానే తను నిద్రపోయింది.

మా దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. ఇక్కడ కుడి పక్కన. అది నాకు తెలుసు. తెలియదని చెప్పను. తిన్నగా వెళ్ళినంతసేపూ కుడి, కుడి అని పైకే అనుకుంటూ నడిపాను. మందుల షాపు దగ్గర ఎడమకి తిరగాలి. లైటు పచ్చగానే ఉంది. తిరిగాను. చేతులు మా ఊరి లెక్కన తిప్పేశాయి. ఎదురు బండ్లు వచ్చే వైపుకి వెళ్ళిపోయాను. సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. బ్రేకు తొక్కాను. తొక్కాను గాని తగిలింది. బండిలో గడియారం ఎనిమిదీ ఇరవై ఒకటి చూపిస్తోంది.

ఆయన తోటమాలి. సైకిలు బుట్టలోని నారుమొక్కలు రోడ్డంతా దొర్లాయి. మా చెల్లెలు ఉలిక్కిపడి లేచి పరుగెత్తింది. చున్నీ తీసి ఆయన తొడకి బిగించి కట్టింది. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేనూ దిగాను. రెండు మొక్కలు ఏరి రోడ్డు పక్కన నిలబెట్టాను. ఎందుకు ఏరానో చెప్పలేను. తర్వాత బండి చుట్టూ తిరిగి వెళ్ళి, మా చెల్లెలు లేచిన సీట్లో కూర్చున్నాను. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. అలా కూర్చోమని నాకెవరూ చెప్పలేదు. డ్రైవింగ్ నేర్పేవాడికి పక్క సీటే సీటు. నా స్కూలు బండిలో అక్కడ నా కాలికి వేరే బ్రేకు ఉంటుంది. ఈ బండిలో లేదు. అయినా నా కాలు తొక్కుతూనే ఉంది.

ఎనిమిదీ ముప్పై ఆరుకి పోలీసులు వచ్చారు. ఎవరు నడిపారని అడిగినట్టున్నారు. మా చెల్లెలు ఖాళీగా ఉన్న స్టీరింగ్ సీటు చూసింది. నన్ను చూసింది. "నేనే," అంది. వాళ్ళ భాషలో ఆ ఒక్క మాట నాకు అర్థమైంది. నేను నోరు విప్పలేదు.

నాలుగు రోజులు విప్పలేదు. నిద్రమత్తులో నడిపిందని తన మీద కేసు రాశారు. ఆశ్రమం వాళ్ళు డ్యూటీకి రావద్దన్నారు. నిన్న మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాను. తోటమాలికి ఇంకా స్పృహ రాలేదు. అద్దాల తలుపు బయట ఆయన భార్య ఉంది. నేనెవరో ఆవిడకి తెలియదు. నేను తూలితే లేచి తన కుర్చీ నాకిచ్చింది. కూర్చున్నాను. అక్కడ కూడా కూర్చున్నాను.

సాయంత్రం మా చెల్లెలు నా పెట్టె సర్దుతోంది. "రేపు విమానం ఎక్కెయ్. ఇక్కడ నీకు దిక్కెవరు? నేనైతే ఎలాగో గట్టెక్కుతా," అంది.

"జైలంటున్నారు కదే. పాప సంగతేంటి?"

"ఆ చొక్కాలిటు అందుకో," అంది.

ఇక్కడిదాకా చెప్పాక దుబాసీ గారు గొంతు తగ్గించారు. "మాస్టారూ, అధికారి ఒక మాట చెప్పమంటున్నారు. మీరు చెప్పింది నిజమైతే, అబద్ధం చెప్పినందుకు మీ చెల్లెలి మీద వేరే కేసు పడుతుందట," అన్నారు. నాకది తెలియదు. తనని విడిపించడానికే వచ్చాను. చెప్పిందంతా కొట్టెయ్యమన్నాను. బల్ల పట్టుకుని బతిమాలాను. సంతకం పెట్టకుండా వెళ్ళవచ్చుగాని, విన్నది విననట్టు ఉండలేమన్నారు.

అధికారి గారు కబురు పెడితే పదకొండూ నలభైకి మా చెల్లెలు వచ్చింది. "మా అన్నకి ఒంట్లో బాగాలేదు, ఆయన మాట నమ్మకండి!" అని తెలుగులోనే అరిచింది. ఇక్కడివాళ్ళకి తెలుగు రాదన్న సంగతే మరిచిపోయింది.

"సంతకం పెట్టకన్నయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"తోటమాలి భార్య లేచి నాకు కుర్చీ ఇచ్చిందే," అన్నాను. "నేనెవరో తెలియక ఇచ్చింది."

మా చెల్లెలు నా ముందు నుంచి పక్కకి జరిగింది. తర్వాత అధికారి గారితో వాళ్ళ భాషలో ఏదో అంది. తనూ మొదట చెప్పింది మార్చి మళ్ళీ వాంగ్మూలం ఇస్తానంటోందని దుబాసీ గారు చెప్పారు. నా తర్వాత తన వంతు. బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

తోటమాలి కళ్ళు తెరిచారా అని అడిగాను. తమకింకా కబురు రాలేదన్నారు.

ఇదంతా దుబాసీ గారు నాకు తెలుగులో తిరిగి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. వద్దని ఏడ్చింది మా చెల్లెలొక్కతే. నా సంతకం పాస్‌పోర్టులో దానితో కలవడం లేదని అధికారి గారు అన్నారు. అందుకని వేలిముద్ర కూడా వేస్తున్నాను.

(సంతకం)
(ఎడమ బొటనవేలి ముద్ర)
శనివారం, మధ్యాహ్నం 12 గంటల 25 నిమిషాలు