ముందు సీటు

వరద వచ్చి మా వంతెనను తీసుకుపోయిన ఏడు అది. ఆ చలికాలంలో అన్నయ్య మమ్మల్నందరినీ కారులో వేసుకుని సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరికి వారం రోజులు తీసుకెళ్లాడు. అన్నయ్య, వదిన, వాళ్ల అమ్మాయి, మనవరాలు, నేను. తెల్లవారితే తిరుగు ప్రయాణం. ఆ సాయంత్రం అన్నయ్యా నేనూ ఒడ్డు వెంట నడుస్తున్నాం.

"ఇందాక ఎవరికి సారీ చెప్పావన్నయ్యా?"

"ఎవరికో. భుజం తగిలింది పాపం."

"ఎవరికి?"

"నాకేం తెలుసురా, ఊరు కాని ఊరు. ఎర్ర చొక్కా ఆయన."

"అది పోస్టు డబ్బా."

"ఏంటీ?"

"పోస్టు డబ్బాకి సారీ చెప్పావు."

"ఎండ కళ్లలో పడింది. నడు, నడు. గాలి చూడు ఎలా ఉందో! ఒంట్లో జబ్బులన్నీ ఎగిరిపోవాలి. అందుకే పట్టుబట్టాను ఈ ఊరికే వద్దామని. కారు తీసే పనే లేదు. కొట్టుకి నడు, ఒడ్డుకి నడు, లైట్‌హౌసుకి నడు. కాళ్లుంటే చాలు."

"కళ్లు అక్కర్లేదు."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

"వారానికో మాట మాట్లాడతావు. అదీ వంకరగానే."

"అద్దాలేవీ?"

"గదిలో ఉన్నాయి."

"పెట్టుకుంటే కనిపిస్తుందా?"

"ఇదేమన్నా పోలీసు స్టేషనా? షికారుకొచ్చాం. షికారు చెయ్యి."

"అదిగో, ఆ పడవ మీద కూర్చున్నదెవరు?"

"ఏ పడవ?"

"ఒక్కటే ఉంది పడవ."

"సరే. ఎవరు?"

"నీ మనవరాలు. చెయ్యి ఊపుతోంది."

"ఊపుతోందా? ఎటు, ఇటా? ఇదిగో, నేనూ ఊపుతున్నాను. చూసిందా?"

"చూసింది."

"నవ్విందా?"

"నవ్వింది. ఎన్నాళ్ల నుంచి అన్నయ్యా?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి? వయసుకి మామూలే."

"అన్నయ్యా."

"రెండేళ్లు. కంటి నరం ఎండిపోతోందట. పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కల మందిచ్చాడు. నీడపట్టున ఉంటే ఆకారాలు తెలుస్తాయి. ఎదురు వెలుతురు పడిందా, పాలు ఒలికినట్టు అంతా తెలుపే. చాలా? కడుపు నిండిందా?"

"మరి వచ్చేటప్పుడు కారెలా నడిపావు?"

"చేతుల్తో."

"అన్నయ్యా!"

"అరవకు. జన్మంతా బస్సు నడిపినవాణ్ణి. స్టీరింగు పట్టుకుంటే చేతులే చూస్తాయి. మిగతాది మీ వదిన చూస్తుంది."

"వదినా?"

"దారంతా విన్నావుగా."

"దారంతా సణిగింది. లారీ వస్తోంది, ఎడమకి పొండి, ముందు గొయ్యి, అంత తొందరేంటి, ఆ ముసలాయనకి దారివ్వండి..."

"ఊఁ. అదే."

"మేం పడీ పడీ నవ్వాం. అమ్మకో స్టీరింగు కొనిపెట్టమంది అమ్మాయి."

"నవ్వండి. నవ్వితేనే మంచిది. సణుగుడైతే ఎవరికీ అనుమానం రాదని ఆవిడే కనిపెట్టింది ఆ ఉపాయం."

"కొంప ముంచే ఉపాయం."

"మునిగిందా? బండి మీద ఒక్క గీత పడిందేమో చూపించు. కానీ ఇప్పుడొచ్చింది చిక్కు. నీతో చెప్పక తప్పడం లేదు. పొద్దున్నుంచి ఆవిడ గొంతు పోయింది."

"తెలుసు. ఇల్లంతా మూగనోము పట్టినట్టుంది."

"పాడు చలిగాలి. పిసరంత శబ్దం కూడా రావట్లేదు. అందుకని రేపు నువ్వు ముందు సీట్లో కూర్చో."

"నేనా?"

"కూర్చుని చెప్పు. కనిపించిందల్లా చెప్పు."

"నేనా చెప్పేది?"

"నువ్వే. ఇన్నేళ్లూ రంపం మిల్లులో పనిచేస్తూ ఆ రొదలో నోరు తెరిచిందే లేదు. కొత్తదానిలాగే ఉంది నీ నోరు. రేపొక్క రోజు వాడు."

"నా వల్ల కాదు. అమ్మాయికియ్యి. దానికి వచ్చుగా నడపడం."

"నేనుండగానా?"

"నువ్వు పక్కన కూర్చో."

"సంచి ఒళ్లో పెట్టుకునా? నీకు తెలీదురా. బస్సు అప్పగించిన రోజు ఇంటికి నడిచొచ్చాను. రోజూ వెళ్లే దారే. ఒక్కడు పలకరించలేదు. సీటు దిగేసరికి మనిషిగానే కనిపించలేదు ఎవడికీ. ఇక మిగిలింది ఈ కారొక్కటే. ఇదీ లాక్కుంటే నన్నూ సామానుతో కలిపి తాడేసి కట్టండి."

"వెనక చిన్నది కూర్చుంటుంది."

"నాకు తెలీదా?"

"కొండ మలుపులున్నాయి."

"నాకు తెలీదా! అందుకే నిన్ను బతిమాలుతున్నాను. పరాయివాణ్ణి అడిగానా?"

"అమ్మాయితో చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి మళ్లీ నా గడప తొక్కకు."

"అది కాదన్నయ్యా..."

"ఏది కాదు? అమ్మా నాన్నా పోతే నిన్ను భుజానేసుకుని పెంచాను. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్కటి అడిగానా?"

"లేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను. నా కళ్ల సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి."

"ఎవరి మీద?"

"చిన్నదాని మీద."

"అదెక్కే కారు గురించి దాని మీదే ఒట్టా?"

"దాని మీదైతేనే తప్పవు నువ్వు. వెయ్యి."

"వద్దన్నయ్యా."

"వెయ్యరా. ఇదిగో, నా చేతిలో చెయ్యి వెయ్యి."

"నా చెయ్యి ఇటుంది."

"ఏదీ... ఆఁ. ఇక ఒట్టు అను."

"ఒట్టు. ఎవరికీ చెప్పను."

"మరి రేపు?"

"ముందు సీట్లో కూర్చుంటాను."

"అదీ! అదీ నా తమ్ముడంటే. పద, చలేస్తోంది. మెట్లు వస్తే చెప్పు."

మేం అద్దెకు దిగిన ఇంటికి వచ్చేసరికి వంటింట్లో వదిన ఒక్కతే ఉంది. అమ్మాయీ చిన్నదీ ఇంకా ఒడ్డు నుంచి రాలేదు. అన్నయ్య స్నానానికి వెళ్లాడు.

"గొంతెలా ఉంది వదినా? తల ఊపకు, నాకర్థం కాదు. అన్నయ్య అంతా చెప్పాడు. కళ్ల సంగతి. నీ సణుగుడు సంగతి."

"తలుపు వెయ్యి."

"వదినా! గొంతు..."

"నిక్షేపంలా ఉంది. నువ్వు అరవకు. ఆయనకి కళ్లు పోయిన కొద్దీ చెవులు పెరిగాయి."

"మరి పొద్దున్నుంచీ?"

"నాటకం. గొంతు పోయిందంటే తనంతట తనే స్టీరింగు అమ్మాయికిస్తారనుకున్నాను. పోయి పోయి నిన్ను పట్టుకుంటారని కలగన్నానా? ఇంత లోకంలో మాటలు చెప్పడానికి నువ్వు దొరికావా ఆయనకి!"

"ఉపాయం నీదేనట."

"నాదే. నా బుద్ధి గడ్డి తింది. మొదట్లో కాస్త మసక. కాస్త చెబితే చాలు. రోజు రోజుకీ ఆయనకి చూపు తగ్గింది, నాకు చెప్పడం పెరిగింది. ఇప్పుడు ఆ కారు నడిపేది నేనే. చేతులే ఆయనవి. వచ్చేటప్పుడు రైలు గేటు దాటాక ఏమైందో తెలుసా?"

"మేం నిద్రపోయాం."

"అందరూ నిద్రే. చిన్నది వెనక నుంచి నా కొంగు పట్టుకుని పడుకుంది. నాకు తుమ్మొచ్చింది. ఒక్క తుమ్ము. కళ్లు తెరిచేసరికి లారీ మన ముక్కు మీదుంది. ఎడమకి అని ఎలా అరిచానో నాకే తెలీదు. మీరు లేచి, అమ్మ మళ్లీ మొదలెట్టింది అని నవ్వారు."

"నేనూ నవ్వాను."

"నవ్వావు. నువ్వు నవ్వడం అప్పుడే చూశాను చాలా రోజులకి."

"అమ్మాయితో చెప్పెయ్ వదినా."

"చెప్పే వీలుంటే నాటకమెందుకు? ఒట్టేయించుకున్నారు."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? చిన్నదాని మీద. నువ్వు చెప్పు. నువ్వు అమ్మాయిని పిలిచి ఒక్క మాట చెప్పు చాలు. ఏంటా చూపు? నువ్వూ వేశావా?"

"వేశాను."

"దాని మీదేనా?"

"దాని మీదే."

"అయ్యో నా తండ్రీ! పెద్దవాళ్లం ముగ్గురం కలిసి ఆ పసిదాని నెత్తినెక్కి కూర్చున్నాం."

"మూఢనమ్మకం అనుకుని చెప్పెయ్యొచ్చు."

"నువ్వు చెప్పగలవా?"

"లేను."

"నేనూ లేను. రేపు దానికి జ్వరమొస్తే? జలుబు చేసినా నేను ఒట్టు తప్పినందుకే అనిపిస్తుంది. మరేం చేస్తావు రేపు?"

"కూర్చుంటాను."

"కూర్చుని? లారీ వస్తుంది, నువ్వు ఊఁ అంటావు. మలుపొస్తుంది, ఊఁ అంటావు. నీ ఊఁకి ఎడమా కుడీ ఉంటాయా? నిన్ను నమ్ముకుని ఆయన, ఆయన్ని నమ్ముకుని మేమూ. నాకైతే రేపు ఆ కారెక్కాలనే లేదు."

"నాకూ."

"పోనీ టైర్లలో గాలి తియ్యి."

"కొట్టిస్తాడు. ఎల్లుండి మళ్లీ ఎక్కుతాడు."

"అవును. ఎక్కుతారు. రేపు కాకపోతే ఎల్లుండి, చిన్నదాన్ని బడి దగ్గర దింపడానికి. నువ్వు మాత్రం ఏం చేస్తావులే, పాపం. ఉష్, నీళ్ల చప్పుడు ఆగింది. నాకు గొంతు లేదు, గుర్తుందా?"

"ఊఁ."

మర్నాడు పొద్దున నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఎండ సముద్రం మీద నుంచి సూటిగా అద్దంలోకి కొడుతోంది.

"ఎక్కారా అందరూ? తలుపులు పడ్డాయా?"

"పడ్డాయి తాతయ్యా!"

"ఇదేంటి, ముందు బాబాయ్ కూర్చున్నాడు? అమ్మేది? అమ్మా, నువ్వు మాతో వెనకా?"

"మీ అమ్మకి గొంతు లేదుగా తల్లీ. ఇవాళ సణుగుడంతా మీ బాబాయ్‌దే."

"బాబాయా! బాబాయ్ సణగడమే! నాన్నా, ఊరెళ్లేసరికి రెండు మాటలు వస్తాయేమో."

"నవ్వకు. మావాడు తలుచుకుంటే నీ నోరు మూయిస్తాడు. ఏరా, బయల్దేరదామా? అన్నీ బాగానే ఉన్నాయా?"

"పోనియ్యి. మెల్లగా."

"ఇంత మెల్లగా చాలా? గేటు దాటామా?"

"దాటాం. ఎడమకి తిప్పు. ఇంకా. చాలు."

"ఆహా! చూశావా అమ్మాయ్, మీ అమ్మ కంటే నయం. తిట్లు లేవు. ఇక నేరుగా పోవడమేగా?"

"ఆపు."

"ఆఁ?"

"ఆపన్నయ్యా. ముందు గోడ."

"గోడా? ఇక్కడా?"

"గోడే. రోడ్డుకి అడ్డంగా."

"ఆపాను, ఆపాను. అబ్బ, బండంతా ఊగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదుగా?"

"ఎందుకాపావు నాన్నా?"

"కనపడట్లేదుటమ్మా? ఎంత గోడో చూడు. నేను దూరం నుంచే చూశాను, మీ బాబాయ్ కంగారుపడ్డాడు గానీ. రాత్రికి రాత్రి ఎవడు కట్టాడో, బుద్ధి లేకుండా."

"తాతయ్యా, గోడెక్కడుంది? రోడ్డంతా ఖాళీగానే ఉందిగా."