నూట అరవై దాకా

హలో… ఆ, నేనే. చెప్పక్కా.

జిమ్‌లోనే ఉన్నా… బావ ఫోను ఎలా ఎత్తుతాడు, చేతులకి గ్లవ్స్ ఉంటే. రింగ్‌లో ఉన్నాడు… ఆ, ఇప్పుడే. నా కళ్లముందే తన్నులు తింటున్నాడు నీ మొగుడు.

నవ్వట్లేదక్కా. ఒళ్లు మండిపోతోంది నాకు.

నీతో ఏమన్నాడు… ఊరికే తాడు గెంతి వచ్చేస్తానన్నాడా? బాగుంది. ఎనిమిది రోజుల్లో పోటీ పెట్టుకుని తాడు గెంతుతాడట.

ఎవరితోనా… కొత్తవాడొకడున్నాడు, నెలైంది వచ్చి. ఎద్దు అంటాం. వంద కిలోలుంటాడు, మెడ ఉండదు, తలకాయ తెచ్చి భుజాల మీద పెట్టినట్టుంటాడు… ఏం, చంపేస్తాడా? పోటీలో వీడి తాతలాంటివాడు వస్తాడు బావ మీదకి. అప్పుడేం చేస్తాడు, నీ కొంగు చాటున దాక్కుంటాడా?

— ఒరే ఎద్దూ, డొక్కలో కొట్టు. డొక్క వదిలేసి తలకాయ మీద పడతావేంట్రా.

ఆ, ఏంటన్నావు… అర్జెంటా. చెప్పు మరి. ఒక చెవి నీకే ఇచ్చాను.

ఎంతసేపైందంటే… తొమ్మిది నిమిషాలు… అవునక్కా, రౌండంటే మూడు నిమిషాలే, లోకంలో అందరికీ. నేను రౌండ్ అయిందని కొట్టే గంట తీసి పారేశాను కదా. గోడకి టీవీ పెట్టాను, బావ ఛాతీకి పట్టీ కట్టాను. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటే అంత నంబరు టీవీలో పడుతుంది. నూట అరవై వచ్చిందా, రౌండ్ అయిపోయినట్టు, దిగి నీళ్లు తాగొచ్చు. రాలేదా, అలాగే తన్నులు తింటూ ఉండాలి. మనిషి అబద్ధమాడతాడు గానీ గుండె ఆడదు.

ఇప్పుడెంతుందా… నూట పద్దెనిమిది. ఇందాకట్నుంచీ అంతే. మూడు వారాలుగా ఇదే బాగోతం. అంతకుముందు నాలుగో నిమిషానికే నూట అరవై కొట్టేవాడు. ఇప్పుడు ఒళ్లు దాచుకుంటున్నాడు… కాదా? మరేంటి? మేడ మెట్లెక్కితే నాకే నూట ఇరవై వస్తుంది. పైకి చూస్తే మాత్రం చెమట కాలవలు కట్టింది, పెదవి చీలింది, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది, బొడ్డు దాకా రక్తం. మా గొప్ప నాటకం. నంబరు మాత్రం కదలదు.

— బావా, చేతులు పైకెత్తు. ఆయాసం నాకు చూపించకు, నంబరు చూపించు.

అరవకక్కా… ఇక్కడ గోలగా ఉంది. ఏ మాత్ర?

…

గుండె మాత్రా. బావకా.

ఎప్పట్నుంచి… మూడు వారాలు… స్నానాల గదిలో పడిపోయాడా. నాకెవరూ చెప్పలేదే… గుండె లయ తప్పుతోందని. ఆ… దడ తగ్గడానికి, రోజూ పొద్దున ఒకటి… ఇవాళా వేసుకున్నాడా?

ఆగు. ఆగక్కా. మెల్లగా చెప్పు. డాక్టరు ఏమన్నాడు… ఆ మాత్ర వేసుకుంటే ఎంత కష్టపడినా గుండె వేగం పైకి పోదు. మాత్రే పోనివ్వదు… ప్రాణం మీదకొచ్చినా.

నంబరు చూసుకుని కసరత్తు చెయ్యొద్దన్నాడా… మరి ఏం చూసుకోమన్నాడు… మాట. కసరత్తు చేస్తూ నాలుగు ముక్కలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే ఫరవాలేదు. మాట తెగిపోతుంటే ఆపెయ్యాలి.

— బావా. ఇటు చూడు. ఇటు, నా వైపు. పొద్దున ఏం తిన్నావు? ఒక్క ముక్క చెప్పు బావా, ఏం తిన్నావు?

…నోరు తెరుస్తున్నాడక్కా. మాట రావట్లేదు.

— ఆపండి. ఒరే ఎద్దూ, ఆపు. ఆపమన్నానా.

ఆపట్లేదు.

ఎందుకాపడంటే… నేనే నేర్పానక్కా. పోయిన వారం ఇలాగే ఆపమన్నాను, ఆపాడు. నంబరు రాకుండా ఎందుకాపావురా అని చెంప పగలగొట్టాను. నేను ఆపమన్నా, నీ కాళ్లు పట్టుకున్నా ఆపకు, టీవీ చెప్తేనే ఆపు అన్నాను. ఇదీ పరీక్షే అనుకుంటున్నాడు వీడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

— ఇది పరీక్ష కాదురా. మా అమ్మ మీద ఒట్టు, నిజంగానే ఆపమంటున్నా.

మూలకి నెట్టేశాడు. తాళ్లకి ఆనించి డొక్కలో కొడుతున్నాడు… నేను చెప్పినచోటే కొడుతున్నాడక్కా. బావ చేతులు రెండూ కిందకి వేలాడిపోయాయి.

ఫోను జేబులో వేస్తున్నా. పెట్టెయ్యకు.

— జరగండి. అడ్డం జరగండిరా.

— వదులు. ఎద్దూ, బావ మెడ వదులు… ఇటు తిరుగు. కొట్టాలని ఉంటే నన్ను కొట్టు. ఇదిగో నా మొహం, కొట్ట—

…

— ఆ. ఇంకోటి కొట్టు. ఆయన్ని మాత్రం ముట్టుకున్నావో, ఈ స్టూలుతో నీ మోకాలు విరగ్గొడతాను… చెప్తే వినవూ? వినవూ?

…

— పడు. అక్కడే పడుండు. లేచావంటే రెండో కాలూ పోతుంది… ఏడవకు. నేను చెప్పినట్టే చేశావు నువ్వు. కదలకుండా పడుండు.

అక్కా… ఉన్నావా… నా గొంతేలే. ముక్కు పగిలింది, రక్తం నోట్లోకి వస్తోంది, అందుకే అలా ఉంది. నా సంగతి వదిలెయ్.

బావ పడిపోయాడు. నేను ఎద్దుని పడగొట్టేలోపే తాళ్ల కిందకి జారిపోయాడు… ఉన్నాడు, ఉన్నాడక్కా. ఊపిరి ఆడుతోంది, నా చెయ్యి ఆయన ముక్కు దగ్గరే ఉంది… పిలుస్తున్నా, పలకట్లేదు. పెదాలు నీలంగా అయ్యాయి… అబద్ధం చెప్పి ఏం చేసుకోను, నీలంగానే ఉన్నాయి.

— అంబులెన్స్‌కి చేశారా?… ఎంతసేపట్లో?… తలుపులు రెండూ బార్లా తీసి ఉంచండి. ఎవరైనా ఒకళ్లు రోడ్డు మీదకి పరిగెత్తండి.

నాలుగు నిమిషాలట. మాత్ర పేరు చెప్పు, వాళ్లు అడుగుతారు… అక్షరం అక్షరం చెప్పు… ఆ… ఎన్ని మిల్లీగ్రాములు?… యాభై. రాసుకున్నా… దేని మీదేంటి, రింగ్ మీదే. వేలితో. ఇక్కడ రక్తానికేం కరువు లేదక్కా.

మాత్ర వల్లేనా అంటావేంటి… మాత్ర దాని పని అది చేసింది. చూడ్డం చేతకాంది నాకు. కళ్లముందు మనిషి చచ్చిపోతుంటే గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

నాతో ఎందుకు చెప్పలేదక్కా. చెబితే పోటీ లోంచి తీసేస్తాననా?… కాదా?… మరి?

…

అవును. కొట్టాను.

రెండేళ్లయింది. ఛాతీలో పట్టేసిందన్నాడు. నాటకమాడుతున్నాడనుకున్నాను. గాజులు తొడుక్కో పో అన్నాను… నీకు చెప్పాడా అది. నాతో ఎప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు. మర్నాడు మామూలుగానే వచ్చాడు, నాకు టీ కూడా తెచ్చాడు.

మీ తమ్ముడికి మాత్రం చెప్పకు, కొడతాడు… అలా అన్నాడా? ముప్పై ఏడేళ్ల మనిషి. నేను అన్నం తింటుంటే కొసరి కొసరి వడ్డించే మనిషి. నేను కొడతానని నీతో ఒట్టు వేయించుకున్నాడా.

తిట్టక్కా. నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను… తిట్టవేం?

అక్కా?

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాలా… పెడతాను, పెడతాను. ముందు నాతో ఒక్క మాట మాట్లాడు. ఒక్కటంటే ఒక్కటి.

…

నాతో వద్దా.

సరే… బావా, అక్క మాట్లాడుతోంది. కళ్లు తెరవక్కర్లేదు, విను చాలు… పెట్టేశానక్కా, చెవి పక్కనే ఉంది. నేను రింగ్ దిగి అవతలకి పోతున్నాను. నాకేం వినపడదు. చెప్పుకో.