రెండో సగం

అంత పుస్తకంలో నీకు చెప్పులే కనిపించాయా?

లేదు, నేను కూర్చోను. సరేలే, కూర్చుంటాను, ఈ కళ్ళు పరీక్ష చేసే కుర్చీలోనే కూర్చుంటా. ఇంకో స్టూలు ఉందిగానీ దాని నిండా ఫ్రేముల డబ్బాలు పేర్చావు. కంగారు పడకు, గొడవ పెట్టుకోవడానికి రాలేదు. అంటే, గొడవ పెట్టుకోవడానికే వచ్చాను, కాకపోతే గట్టిగా అరవను. ఎవరైనా కళ్ళజోడు కోసం వస్తే నోరు మూసుకుంటాను. విడిపోయాక మొదటిసారి నీ షాపు మెట్లెక్కాను, ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు.

నేను కాదు అనకు. ఆన్‌లైన్‌లో నా పుస్తకం కింద ఆ రివ్యూ నువ్వే రాశావు. 'ఒక పాఠకుడు' అని పేరు పెట్టుకుంటే నేను పోల్చుకోలేననుకున్నావా? ఒకే ఒక్క స్టారు. కింద మూడు ముక్కలు. 'రెండో సగంలో ఉన్నది ఆ పిల్ల కాదు. ఆ పిల్ల చెప్పులెప్పుడూ అటుదిటు, ఇటుదటు వేసుకునేది. ఇందులో సరిగ్గా వేసుకుంది.'

అది చదివి, నా బొమ్మల పుస్తకం నేనే మొదటినుంచి తిరగేశాను, తెలుసా. ఎక్కడైనా గీశానేమో అని. గీయలేదు. మొదటి సగమంతా ఆస్పత్రే కదా. మంచం, దుప్పటి, సెలైన్ స్టాండు. మన పిడుగు కాళ్ళకి అసలు చెప్పులే లేవు. అది చెప్పులు అటుదిటు వేసుకుంటుందని ఈ లోకంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను రాయలేదు. ఇంకెవరు రాస్తారు?

ఆ తల వంచుకోవడం ఏంటి, ఆ అద్దం తర్వాత తుడుద్దువుగానీ. నా వైపు చూడు.

నేను అందరికీ జవాబిస్తాను. చేసే పనంతా ఒక్కదాన్నే కదా, రాసేదీ నేనే, గీసేదీ నేనే, ప్రెస్సు దగ్గర నిలబడి కట్టలు కట్టించుకునేదీ నేనే. చదివినవాళ్ళు ఒక మాట రాస్తే తిరిగి ఒక మాట రాయకపోతే ఎలా? ఒకాయన కాగితం పల్చగా ఉందన్నాడు, ఈసారి మందం కాగితం వేస్తానండీ అన్నాను. ఒకావిడ కవరు నలిగి వచ్చిందని ఒక్క స్టారు ఇచ్చింది. పుస్తకం ఇంకా విప్పలేదట, విప్పాక మళ్ళీ రాస్తానంది. ఆవిడకీ క్షమాపణ చెప్పాను. కవరు అంటించింది కూడా నేనే మరి.

వారపత్రికలో సమీక్షలు రాసే పెద్దాయన ఏమన్నాడో చూశావా? చూసే ఉంటావు. 'మొదటి సగం గీసిన చెయ్యి మనల్ని ఆ వార్డులో నిలబెడుతుంది. రెండో సగానికి ఆ చేతికి ధైర్యం చాలలేదు. పిల్లని బతికించేసి, పెంచేసి, సుఖాంతం చేసి చేతులు దులుపుకుంది.' అదీ ఆయన మాట. ఆయనకి కూడా మర్యాదగానే రాశాను, మీ అభిప్రాయం చెప్పినందుకు ధన్యవాదాలండీ అని. అది రాసి, పొయ్యి మీద పాలు పెట్టి, పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అక్క వచ్చి కట్టేసింది. ఏమైందే అంది. ఏం లేదన్నాను.

నీకే రాయలేకపోయాను. రాయడం, కొట్టేయడం. రాయడం, కొట్టేయడం. ఒకసారేమో పేజీ పొడుగు తిట్టాను. ఇంకోసారి 'మీరు చెప్పింది నిజమే' అని రాశాను. అదీ కొట్టేశాను. ఇక ఇలా కాదని లేచి వచ్చేశాను.

అది నిజమెలా అవుతుంది, నువ్వే చెప్పు. పదిహేడేళ్ళ పిల్ల చెప్పులు అటుదిటు వేసుకుని తిరుగుతుందా? ఏడేళ్ళప్పుడు వేసుకుంది. ఎనిమిదొస్తే మానేసేది. నువ్వో నేనో రోజూ చెప్పగా చెప్పగా, ఎవరో స్నేహితురాలు నవ్వితే సిగ్గుపడి, ఓ రోజు తనే సరిగ్గా వేసుకునేది. పిల్లలు అలాగే కదా పెరుగుతారు? నీ పిడుగు ఆ ఏడో ఏటే ఆగిపోయింది. ఆగిపోయింది కాబట్టి అలాగే ఉండాలంటావు. నేను ఒక్క ఏడాది ముందుకి జరిపితే 'ఆ పిల్ల కాదు' అంటావు.

నాకు ఎనిమిదో ఏడు కావాలనిపించింది. తర్వాత తొమ్మిదో ఏడు. ముందు పళ్ళు ఊడిపోయి, మళ్ళీ వచ్చి, వంకరగా వస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. జడ భుజం దాటితే ఎలా ఉంటుందో. నా మీద కోపమొచ్చి తలుపు ధడేల్న వేసుకుంటే ఎలా ఉంటుందో. దానికి ధైర్యం చాలకపోవడం ఏంటి? ఒక్కో ఏడు గీస్తుంటే నా ప్రాణం ఎలా ఉండేదో ఆ పెద్దాయనకి ఏం తెలుసు?

నీకు ఇంకోటి చెప్పాలి. మొన్న పుస్తకాల సంతలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఒకావిడ వచ్చింది, చేతిసంచీ, గొడుగు, వెంట ఎవరూ లేరు. అక్కడే నిలబడి పుస్తకం మొత్తం చదివేసింది. చదివి, కళ్ళు తుడుచుకుని, 'మీ సొంత కథేనా అమ్మా?' అంది. అవునన్నాను. 'పోనీలే, గండం గడిచింది. అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?' అంది.

హాస్టల్లో ఉందండీ అన్నాను.

అవును, అలాగే అన్నాను. అలా చూడకు. ఏం చదువుతోంది అంటే ఇంకా మొదటి సంవత్సరమేనండీ అన్నాను. తిండి సరిగ్గా తింటోందా అంటే ఎక్కడండీ, ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది అన్నాను. ఆవిడ నవ్వింది, ఈ కాలం పిల్లలంతా అంతేలే అంది. నేనూ నవ్వాను. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఇంకాసేపు నేను హాస్టల్లో కూతురున్న అమ్మనే. బల్ల మీద పుస్తకాలు సర్దుకుంటూ, దీనికి దుప్పటి పంపాలి, చలికాలం వస్తోంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది.

మంచినీళ్ళు వద్దు. సరే, ఇటివ్వు.

…ఏమన్నావు?

గట్టిగా అను. వినపడలేదు.

నాన్న ఎక్కడ, అంటావా.

రెండో సగంలోనా? రెండో సగంలో నాన్న… ఆగు. అదా నీ బాధ? అయితే ఆ చెప్పుల గోల ఎందుకు పెట్టావు? సూటిగా అదే రాయొచ్చుగా, నేనెందుకు లేను అని?

నువ్వు రాయవులే. నువ్వు ఎప్పుడు సూటిగా అడిగావు గనక. ఇంట్లో ఉన్నప్పుడూ అంతే. పిడుగు పోయాక ఒకే గదిలో అటు గోడకి నువ్వు, ఇటు గోడకి నేను. నేను బొమ్మలు గీసుకుంటుంటే నువ్వు లైటు తీసేసి పడుకునేవాడివి. ఒక్క మాట అనేవాడివి కాదు. బోర్డు చంకన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళిపోతుంటే కూడా 'ఎందుకు' అని అడగలేదు, ఆటో పిలిచావు.

అంతమంది చదివారు. పెద్దాయన చదివాడు, కవరు నలిగినావిడ కూడా చివరికి విప్పి చదివింది. నాన్న ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. నువ్వొక్కడివే అడిగావు.

కోపంతో తీసేశాననుకున్నావు కదా. చెప్పు, అలాగే అనుకున్నావు కదా? పిల్లని బతికించి నన్ను చంపేసింది అని.

కాదు. వింటావా?

సైకిల్ పేజీ ఉంది చూడు, పిడుగుకి పదేళ్ళు. సైకిల్ నేర్చుకుంటోంది. వెనక సీటు పట్టుకుని ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా. ఇంకెవరు, నువ్వే. నిన్నే గీద్దామని కూర్చున్నాను. భుజాలు వచ్చాయి, మోచేతి దాకా మడిచిన చొక్కా వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి, ఆ రోజు ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డావు చూడు, ఆ ముఖమే వచ్చింది. చెరిపాను. మళ్ళీ గీశాను. మళ్ళీ అదే. పెదాలు నవ్వినట్టు మార్చాను. కళ్ళు నవ్వలేదు. అలాంటి ముఖంతో సైకిల్ పట్టుకుంటే పిల్ల భయపడదూ? చెరిపి చెరిపి అక్కడ కాగితం చిల్లు పడింది.

చివరికి నిన్ను తీసేసి గోడ గీశాను. పిల్ల గోడ పట్టుకుని తనే నేర్చుకుంటుంది.

దాన్ని కూడా మెచ్చుకున్నారు తెలుసా. 'ఎవరి సాయమూ లేకుండా ఎదిగే ఆడపిల్లకి ఆ గోడ గొప్ప ప్రతీక' అని ఒకరు రాశారు. దానికీ ధన్యవాదాలు చెప్పాను. ఏం చెప్పమంటావు, అది గోడ కాదండీ, మా ఆయన అని చెప్పనా?

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది, ఇప్పుడే.

పిడుగుని పదిహేడేళ్ళ పిల్లగా నేను చూడలేదు. చూడకుండానే గీసేశాను, ముక్కు నీది, నుదురు మా అమ్మది, చెయ్యి ఆగకుండా వచ్చేసింది. నీతో అన్నేళ్ళు కాపురం చేశాను. నువ్వు నవ్వితే ఎలా ఉంటావో నా చేతికి రాలేదు. అదీ సంగతి. కోపం కాదు.

ఏడవకు. ఎవరైనా వస్తారు.

ఆఖరి పేజీయా? ఆ, బస్టాండు. పిడుగు హాస్టలుకి వెళ్తోంది, కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. అవును, కింద ఎవరూ లేరు. నువ్వూ లేవు, నేనూ లేను, ఖాళీ బెంచీ. అదెందుకు అని అడుగుతున్నావా? నన్ను నేను కూడా గీసుకోలేకపోయాను, అంతే. రెండో సగమంతా నావి చేతులే ఉంటాయి చూడు, జడ వేసేవి, తలుపు తట్టేవి. ముఖం పెట్టలేదు.

ఆ పేజీ ఎన్నిసార్లు గీశానో నాకే తెలీదు. మొదట్లో బస్సు తప్పిపోయినట్టు గీశాను. ఇంటికి వచ్చేస్తుంది కదా అని. ఇంకోసారి సీటు దొరక్క దిగిపోయినట్టు గీశాను. ఓసారి జోరున వాన పెట్టాను, ఇవాళ వద్దులే అమ్మా, రేపు వెళ్తాను అంటుందేమోనని. ఏది గీసినా పేజీ చూడగానే తెలిసిపోయేది, నేను బలవంతంగా పట్టుకుని ఆపుతున్నానని. పిల్ల ముఖం పిల్ల ముఖంలా ఉండేది కాదు. బస్సెక్కించాను చూడు, అప్పుడు మళ్ళీ పిడుగైంది. అప్పుడే చెయ్యి ఊపింది.

సుఖాంతమట. పిల్ల వెళ్ళిపోతే సుఖాంతం ఎలా అవుతుందో ఆ పెద్దాయన్ని అడగాలనిపించింది. అడగలేదు.

వెళ్తాను. ఎవరో వచ్చారు, చూసుకో.

ఆస్పత్రిలో అంటే మన చేతుల్లో లేదు, డాక్టర్లున్నారు, జబ్బుంది, ఏదో అనుకున్నాం. ఇక్కడ కాగితం నాదే, పెన్సిలు నాదే. అయినా పిల్లని ఆపలేకపోయాను.