మిర్చి కాంటా మీద నా కుర్చీ

అధ్యక్షులు డాక్టర్ సుందర్ రావు గారికి, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మా రత్నమ్మ సిస్టర్‌కు, పెద్దలకు, చక్రాల కుర్చీలతో ముందు వరుసంతా ఆక్రమించిన నా మిత్రులకు నమస్కారం. నన్ను రెండు నిమిషాలే మాట్లాడమన్నారు. తాటిచెట్టు మీంచి కిందికి రావడానికి నాకు అంత కూడా పట్టలేదు కాబట్టి సరిపోతుంది. (నవ్వులు)

తొమ్మిదేళ్ల కింద పరకాల దగ్గర మా ఊళ్లో అలా పడి, వెన్నుపాము దెబ్బతిని, ఛాతీ నుంచి కిందికి కదలికా స్పర్శా పోయాక, చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "పాపం కొమురెల్లి" అని ఒక మిఠాయి డబ్బా పెట్టి పోయేవారు, నేను కదలకుండా కూర్చుని ఒక్క డబ్బా కూడా వృథా పోనివ్వలేదు. అదిగో, మా ఆవిడ కూడా నవ్వుతోంది. సమ్మమ్మా, నువ్వు నవ్వకు, అన్నంలో నెయ్యి పోసింది నువ్వే.

ఈ పునరావాస కేంద్రంలో చేరగానే సిస్టర్ నన్ను తూచాలన్నారు. నిలబడలేనివాణ్ని ఏ మిషన్ తూస్తుంది? ఆటోలో మిర్చి మార్కెట్‌కు తీసుకుపోయి, బస్తాలు తూచే కాంటా మీదికి కుర్చీతో సహా ఎక్కించారు. హమాలీ సాంబయ్య "సిస్టరమ్మా, తరుగు ఎంత తియ్యాలె?" అనడిగాడు. (నవ్వులు) కుర్చీ బరువు తీసేస్తే తొంభై ఒక్క కిలోలు. రక్తపరీక్షలో షుగర్, కొవ్వు రెండూ బయటపడ్డాయి.

"కాళ్లు పోయినయని ఏడుస్తానవ్, గుండె సంగతి జర సూస్కో కొమురెల్లీ. కదలని ఒంట్ల తిన్నది కరగది. గుండెపోటొచ్చినా నీకు నొప్పి తెల్వకపోవచ్చు" అన్నారు సిస్టర్. నాకు కోపం వచ్చి నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలలోనే, నాలాంటి దెబ్బే తగిలిన నా పక్క మంచం రాజమౌళికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. నొప్పి లేదు. గ్యాస్ అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. సిస్టర్ వచ్చేసరికి చనిపోయాడు.



మర్నాడు నేనే వెళ్లి చేతులతో తిప్పే సైకిల్ ముందు కూర్చున్నాను. ఆమె వచ్చి నా కుర్చీ బ్రేకులు బిగించారు. అప్పటి నుంచి నెలకోసారి కాంటా, రోజూ తిట్లు. ఇప్పుడు డెబ్బై కిలోలు. రేపటి నుంచి తిట్టేవాళ్లు లేరని నాకు నిజంగా భయంగా ఉంది సిస్టర్.

గౌరవించాలంటే అందరూ లేచి నిలబడతారు. మాకది కుదరదు. కాని చేతుల మీద బరువు మోపి కుర్చీలోంచి ఒళ్లు పైకి లేపడం మీరు నేర్పారు. తొంభై ఒక్క కిలోలప్పుడు నా వల్ల కాలేదు. మిత్రులారా, చేతులు ఆనించండి, సిస్టర్ కోసం లేద్దాం, పది దాకా ఎవరూ దిగొద్దు... ఎనిమిది, తొమ్మిది, పది. ఏడవకండి సిస్టర్, ముందు సరిగ్గా లేచామో లేదో చూడండి! అందరికీ కృతజ్ఞతలు. చేతులు వణుకుతున్నాయి, ఇక దిగుతాను, సెలవు.